అమెరికా ప్రయాణానికి చౌక పాలసీ చాలదు

ప్రశ్న: మాది కొత్తచెరువు. నాకు 68 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. ఆరు నెలలు అమెరికాలో అబ్బాయి దగ్గర ఉంటాం. ఇన్సూరెన్స్ తప్పనిసరా?

జవాబు: యూరప్ దేశాల షెంజెన్ వీసాకు 30,000 యూరోల కవరేజీ చూపాల్సిందే, అమెరికా విజిటర్ వీసాకు ఆ నిబంధన లేదు. అలాగని వదిలేయకండి. మీ పక్కనే పుట్టపర్తి ఆసుపత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తుంటే అమెరికా ఆసుపత్రి బిల్లులు మన ఊహకందవు. మన రాష్ట్ర పథకం ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడ చెల్లదు, అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ మీకు రాదు. ఏమీ కాకపోతే ప్రీమియం దండగేగా అంటారేమో. అసలు దండగ చౌక పాలసీ: గదికి రోజుకింత, ఆపరేషన్‌కింత అని గిరిగీసి, మిగతాది అబ్బాయి నెత్తిన వేస్తుంది. డిడక్టబుల్ (ముందుగా మీరు భరించాల్సిన మొత్తం) పోను బిల్లులో ఎక్కువ భాగం భరించే సమగ్ర పాలసీయే తీసుకోండి. బీపీ, షుగర్ దాచొద్దు. క్లెయిమ్ వేళ పాత చీటీలన్నీ అడుగుతారు. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే ఇచ్చే రక్షణ కొన్ని పాలసీల్లో 70 నిండితే ఉండదు, ఆ షరతు చదవండి. రోజువారీ మాత్రలకు మాత్రం పాలసీని నమ్ముకోకుండా, డాక్టరు చీటీతో సహా ఇక్కడి నుంచే తీసుకెళ్లండి.