జోలెలో వేసిన తరువాత

జంగముడు జోలె పట్టి వాకిట నిలిచినపుడు భక్తుడు తనకున్న దానిలో పిడికెడు గింజలు వేయుట మన యిండ్ల ఆచారము. కర్ణాటకమందలి ఇలకల్లు మఠాధిపతులైన డాక్టర్ మహాంత శివయోగులు 1975లో జోలె పట్టి ఊరూర తిరిగి, ధాన్యమునకు బదులు దుర్వ్యసనములనే భిక్షగా వేడిరి. సారాయి, పొగాకు మొదలగువాటిని విడుతుమని ప్రమాణము చేసిన వారు ఆ వ్యసనమును జోలెలో వేసినట్లే. ఇదియే ‘మహాంత జోలిగె’. శివయోగులు 2018లో లింగైక్యులైరి. వారి జన్మదినమైన ఆగస్టు 1వ తేదీని కర్ణాటకమందు వ్యసనముక్త దినముగా జరుపుచున్నారు.

వ్యసనమును జోలెలో వేయుట ఒక్క క్షణపు పని. దానిని మరల చేపట్టకుండుట జీవితమంతయు సాగవలసిన పని. మొదటిది వ్యక్తి చేయగలడు. రెండవదానికి సంఘము తోడు కావలెను. ఆ తోడు మూడు విధములు.

మొదటిది వైద్యము. ఏండ్ల తరబడి నిత్యము త్రాగినవాడు హఠాత్తుగా మానినచో, మొదటి కొన్ని దినములలో వణకు, నిద్రలేమి, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును. ఒక్కొక్కపుడు ప్రాణమునకే ముప్పు. కనుక ప్రమాణము చేయించిన పెద్దలే అతనిని వైద్యుని యొద్దకు తోడ్కొని పోవలెను. వ్యసన విముక్తికై ప్రభుత్వము నడుపు 14446 ఉచిత టెలిఫోనునకు కుటుంబమువారును మాటలాడి సలహా పొందవచ్చును.

రెండవది గోష్ఠి. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అను ఇద్దరు త్రాగుబోతులు ఒకరి కష్టము నొకరు చెప్పుకొనుటచే ఇద్దరును నిలువగలిగిరి. అట్లు పుట్టినదే ఆల్కహాలిక్స్ అనానిమస్. అందు చందా నిర్బంధము లేదు. ఒకరి సంగతి మరియొకరు బయట చెప్పరు. ఆ ఒక్క దినము త్రాగకుండుటయే వారి నియమము. త్రాగువారి భార్యలకు, బంధువులకు అల్-అనాన్ అను వేరు గోష్ఠులును కలవు. కల్యాణమున బసవేశ్వరుని కాలమందు వృత్తిభేదము లేక శరణులు కూడి తమ అనుభవమును పంచుకొనిరని వినువారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు.

మూడవది కాయకము. మానినవానికి పని దొరకనిచో, పగలు గడుచుట దుర్భరమగును; పాత స్నేహితులే మరల దిక్కగుదురు. అతనిని నమ్మి పని యిచ్చుట దాసోహములో భాగమే.

ఒకవేళ అతడు మరల జారినచో? ఈ వ్యాధిలో అది అరుదు కాదు. జ్వరము తిరుగబెట్టినవానిని మనము వెలివేయము గదా! పంచాచారములలో సదాచారము అతడు పాటింపవలసినది. భక్తులనందరిని సమానముగ జూచు శివాచారము, వినయముతో సేవించు భృత్యాచారము మనము పాటింపవలసినవి. పెండ్లిపంక్తిలో అతనిని దూరముగ కూర్చుండబెట్టిన దినమున తప్పినది అతని ఆచారము కాదు, మనది.

మఠములందు వారమునకొక సాయంకాలము ఒక గదిని ఇట్టి గోష్ఠికి విడిచిపెట్టుట కష్టము కాదు. జోలె పట్టుట యెంత పుణ్యమో, అందు పడినదానిని మరల బయట పడనీయకుండ కాచుటయు అంత పుణ్యము.