కూలర్లో నీళ్లు ఎవరు పోస్తున్నారు?

ప్రశ్న: నా వయసు 36. రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. ఎడమవైపు కింద, కుట్లు కలిసేచోట శనగగింజంత పుండు పడి నీరు కారుతోంది. మెడికల్ షాపులో అడిగి సెఫిక్సిమ్ మూడు రోజులు వేసుకున్నాను. పసుపు అద్దుతున్నాను. ఫోన్లో చూస్తే క్యాన్సర్ అని భయపెడుతున్నారు. బరువులు ఎప్పటినుంచి ఎత్తొచ్చు?
– ఒక సోదరి, సెక్టర్ 6, భిలాయి

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలెడతానమ్మా. ఎత్తొచ్చా అని కాదు, ఎప్పటినుంచి అని అడిగారు. ఎత్తేస్తున్నారన్నమాట. మే నెలలో భిలాయి క్వార్టర్లో కిటికీ కూలర్ రోజుకెన్ని బకెట్లు తాగుతుందో నాకు తెలుసు. 15 లీటర్ల బకెట్టంటే 15 కిలోలు, అదీ భుజం ఎత్తుకి! ఆరు వారాలు దాటి, మీ సర్జన్ సరే అనేదాకా రెండు కిలోలు మించొద్దు. కుళాయికి ఒక పైపు తగిలించమని మీ వారికి చెప్పండి. డ్యూటీకి వెళ్లేముందు ఐదు నిమిషాల పని.

నిలువు కుట్టు అడ్డకుట్టును కలిసేచోట చర్మం బిగుతుగా ఉంటుంది, రక్తం తక్కువ అందుతుంది. అక్కడ కాస్త విచ్చుకోవడం తరచూ చూసేదే. చాలావరకు డ్రెస్సింగుతోనే కొన్ని వారాల్లో పూడుతుంది. కానీ సర్జన్‌కి ఈ వారమే చూపించండి.

ఇక సెఫిక్సిమ్. కోపం దాచుకోలేను. 2014 మార్చి నుంచి అది హెచ్1 షెడ్యూల్ మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలి. మీ పేరు ఎవరైనా రాసుకున్నారా? పైగా ఇలాంటి గాయాల్లో చీము పట్టించే స్టెఫైలోకాకస్ మీద అది సరిగ్గా పనిచెయ్యదు. దొంగ వీధి గుమ్మంలోంచి వస్తుంటే పెరట్లో కాపలా కాసినట్టు. అసలు మీ పుండులో చీముందో లేదో చూసినవాళ్లెవరు? నీరు కారినంత మాత్రాన యాంటీబయోటిక్ అక్కర్లేదు.

పసుపు పప్పులో వేసుకోండి. ఆ డబ్బాలో చెంచా ఎన్ని చేతులు మారిందో! పచ్చటి పూత కింద ఎరుపెక్కినా మీకూ కనపడదు, మీ సర్జన్‌కీ కనపడదు.

క్యాన్సర్ ఈ ఆపరేషన్ వల్ల రాదు. తీసిన కండను మామూలుగా పరీక్షకి పంపుతారు, ఆ రిపోర్టు అడిగి తీసుకోండి. జ్వరం వచ్చినా, ఒకవైపు ఒక్కసారిగా ఉబ్బినా, చనుమొన నల్లబడినా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఫోన్ చూస్తూ కూర్చోకుండా ఆ పూటే సెక్టర్ 9 ఆస్పత్రికి వెళ్లండి.

ఉత్తరం చివర ‘అత్తగారు ఇదంతా అవసరమా అన్నారు’ అని రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవగలిగాను. భుజాల మీద పట్టీలు దిగిన గుంటలు, తెల్లారేసరికి పట్టేసే మెడ, చెమటకి కింద ఒరుసుకుని చిట్లిన చర్మం ఆవిడ చూడలేదు. మీరు చేయించుకున్నది సోకు కాదు తల్లీ. బకెట్లు మోసి ఆ మాట రుజువు చెయ్యక్కర్లేదు.

ప్రశ్న: ఉక్కగా ఉంటోంది. రాత్రిళ్లు సర్జికల్ బ్రా తీసెయ్యొచ్చా? (దుర్గ్)

జవాబు: వద్దు. సర్జన్ చెప్పినన్నాళ్లూ రాత్రీ పగలూ ఉండాల్సిందే. రెండు కొనుక్కుని మార్చుకోండి.

ప్రశ్న: మచ్చలు ఎప్పుడు పోతాయి?

జవాబు: పోవు. ఏడాది, ఏడాదిన్నరకి లేతబడతాయి.

ప్రశ్న: మా అమ్మాయికి 19. ఈ ఆపరేషన్ చేయిస్తే రేపు పిల్లలకి పాలు పడతాయా? సంబంధాలకి అడ్డమా? (విజయనగరం)

జవాబు: పాలు పడొచ్చు, తగ్గొచ్చు, ముందే సర్జన్‌తో మాట్లాడాలి. రెండో ప్రశ్న నా శాఖ కాదు. రెండు పేజీల ఉత్తరంలో ఆ పిల్లకి ఎక్కడ నొప్పో ఒక్క ముక్క లేదు. ఈసారి తననే రాయమనండి.