జింక కన్ను, వేటగాడి దీపం



ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉండి ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్షకు చదివే విద్యార్థి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని కంఠతా పట్టడం అవసరమే గానీ, తెలంగాణ రాష్ట్ర జంతువైన జింకకు లోకం ఎలా కనిపిస్తుందో తెలియనిదే వేటగాడు దాన్ని ఎలా లొంగదీస్తున్నాడో అతనికి బోధపడదు.

మనిషి రెటీనాలో, అంటే కంటి వెనుక వెలుగును గ్రహించే పొరలో, రంగులను పోల్చే శంకు కణాలు మూడు రకాలు, జింకకు రెండే. అమెరికాలో తెల్లతోక జింకలపై జరిగిన కొలతల ప్రకారం ఒక రకం సుమారు 450–460 నానోమీటర్ల నీలికాంతికి, రెండోది సుమారు 537 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. ఎరుపును విడిగా పట్టే కణం లేదు. పులి ఒంటి నారింజ రంగు జింక చూపులో గడ్డిలో కలిసిపోవడానికీ, అమెరికాలో వేటగాళ్లు పొరపాటున ఒకరినొకరు కాల్చుకోకుండా నారింజ చొక్కాలు తొడిగినా జింకలు బెదరకపోవడానికీ కారణం ఇదే. నీలం మాత్రం దానికి బాగా తెలుస్తుంది. డిటర్జెంట్లలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలికాంతిగా వదులుతాయి కనుక, ఉతికిన ఖాకీ చొక్కా కూడా మసకవేళ జింకకు కొట్టొచ్చినట్టు కనబడవచ్చు.

తలకు రెండు పక్కలా ఉన్న కళ్లు, అడ్డంగా సాగిన కంటిపాపలు దాదాపు 300 డిగ్రీల మేర చూడగలవు. సూక్ష్మ వివరాలు వాటికి మనిషికన్నా తక్కువగానే తెలుస్తాయి; కదలిక మాత్రం ఇట్టే పట్టుబడుతుంది.

అసలు విషయం రాత్రిదే. రెటీనా వెనుక టపేటం లూసిడం అనే అద్దంలాంటి పొర ఉండి, రెటీనాను దాటిపోయిన వెలుగును వెనక్కి తిప్పి, కణాలకు రెండోసారి అందిస్తుంది. మునిమాపున, తెల్లవారుజామున మేసే ప్రాణికి అది పెద్ద ఆసరా. దొంగవేటగాడు ఆ ఆసరానే ఉరిగా మారుస్తాడు. జీపు దీపమో సెర్చ్‌లైటో పొదల మీద తిప్పితే ఆ పొర మెరిసి జంతువు ఆచూకీ చెప్పేస్తుంది, చీకటికి అలవాటుపడిన కళ్లు చెదిరి జంతువు కదలకుండా నిలబడిపోతుంది. అప్పుడు పేల్చడంలో నేర్పు ఏమీ లేదు, ఉన్నది క్రౌర్యమే. ఒకప్పుడు నిజాం వేటస్థలమై, ఇప్పుడు కృష్ణజింకలకు నెలవైన వనస్థలిపురం మహావీర్ హరిణ వనస్థలి విజయవాడ జాతీయ రహదారి పక్కనే ఉంది గనుక, అక్కడా ఈ ముప్పును మరవకూడదు. కృష్ణజింక శాస్త్రరీత్యా జింక కుటుంబానిది కాకపోయినా, దాని కంటిలోనూ ఆ మెరిసే పొర ఉంది.

కాబట్టి గస్తీకి వెళ్లే బీట్ ఆఫీసర్ తన టార్చిని నేలకు వంచి నడవాలి. పొదల మీద ఆగి ఆగి తిరిగే పరాయి వెలుగు కనబడితే, తుపాకీ చప్పుడు కోసం ఎదురుచూడకుండా వెంటనే రేంజ్ కార్యాలయానికి కబురు పంపాలి.