లాబాను కుమార్తెల ఫిర్యాదు

పాఠ్యభాగము: ఆదికాండము 31:1-16

ఈ అధ్యాయమును మనము యాకోబు ప్రయాణ వృత్తాంతముగా చదివి ముందుకు పోవుదుము. మామ తన జీతము పదిమారులు మార్చెనని అతడు చెప్పినది మనకు జ్ఞాపకమే. అయితే మందయొద్దకు పిలువబడిన రాహేలు, లేయా ఏమని ఉత్తరమిచ్చిరో నిదానించి చూచువారు కొద్దిమంది. తండ్రి తమ్మును పరాయివారిగా ఎంచెననియు, తమ్మును అమ్మి ఆ ద్రవ్యమును తానే మింగెననియు వారు చెప్పిరి. యాకోబు పదునాలుగేండ్ల కష్టములో వారికి దక్కినది లేదు. కన్న తండ్రిని గూర్చి ఇంత మాటయా అని మనము అనవచ్చును గాని, గ్రంథము వారిని గద్దింపలేదు.

కొంతకాలము క్రిందట ఒక సహోదరి స్త్రీల కూటము ముగిసిన తరువాత మందులకని రెండువందల రూపాయలు అడిగెను. ఆమె ఉద్యోగస్థురాలు. జీతము పడిన దినముననే ఏటీఎమ్ కార్డు భర్త జేబులోనికి పోవునట. బస్సు చార్జీకి సహితము లెక్క చెప్పవలెనట. మేము ప్రార్థించి, ఓర్చుకొనుమని చెప్పి పంపితిమి. అది తప్పు సలహా. లోబడవలెనను మాట ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో నున్నది నిజమే. కాని భార్యకొరకు తన్ను తాను అప్పగించుకొనవలెనని భర్తకు చెప్పినదియు ఆ అధ్యాయమందే యున్నది గదా!

ఇద్దరి సమ్మతితో ఒకరు ఇంటి లెక్కలు చూచుట దోషము కాదు. రెండవవారు అడుగవచ్చునా, పుస్తకము చూడవచ్చునా, వద్దని చెప్పవచ్చునా? ఇవి లేనిచోట అది అణచివేత. సామెతలు 31లోని గుణవతి తానే యోచించి పొలము కొనెను.

మన ఊళ్లలో దీనికి మరియొక రూపమున్నది. డ్వాక్రా గుంపులో అప్పు ఆమె పేరట వచ్చును, సొమ్ము భర్త వాడుకొనును, వాయిదా రోజున గుంపువారు ఆమె గుమ్మమున నిలుతురు. హామీదారుగా సంతకము చేయుట ఇంకను అపాయము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేరుగా వ్రాసుకొననియెడల, హామీదారుని బాధ్యత అప్పు తీసికొన్నవానితో సమానము. కాబట్టి చదువక, ఖాళీ కాగితముమీద, ఎంత బ్రతిమాలినను సంతకము చేయరాదు.

తన పేరట వేరు ఖాతా యుండుట మంచిది. దానికి కలిపిన ఫోను నంబరు తనదై యుండవలెను. రహస్య సంఖ్య ఎవరికిని చెప్పరాదు. నగల రసీదులు, ఫొటోలు, సర్టిఫికెట్ల నకళ్లు నమ్మకమైన బంధువునొద్ద నుంచవచ్చును. పుట్టింటివారిచ్చిన నగలు, అనగా స్త్రీధనము, ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పెను. అయితే చేయి చేసికొను భర్త యున్నచోట ఇవన్నియు గుట్టుగా చేయవలెను. ముందు ప్రాణము, తరువాత పాస్‌బుక్కు.

2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చిన 2005 నాటి గృహహింస నిరోధక చట్టము ఆర్థిక హింసను హింసగానే ఎంచుచున్నది. ఖర్చులకియ్యకుండుట, ఆమె సొత్తును అమ్మివేయుట, ఇంటిలోని హక్కును అడ్డగించుట ఇందులో చేరును. ఇది అన్ని మతములవారికిని వర్తించును. మేజిస్ట్రేటు భరణమిప్పించవచ్చును, బ్యాంకు ఖాతాలను, లాకర్లను భర్త కదలింపకుండ ఆజ్ఞ ఇయ్యవచ్చును. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. 181 నంబరుకు ఫోను చేయవచ్చును. జరుగుచున్నది ఎరిగిన పొరుగువారైనను రక్షణాధికారికి తెలియజేయవచ్చును. సద్బుద్ధితో చెప్పినవారిమీద బాధ్యత యుండదు. సంఘపెద్దలు ఈ సంగతి గమనింతురుగాక.

షూనేమీయురాలు ఏడేండ్ల కరవు తరువాత తిరిగి వచ్చి, ఇల్లును పొలమును తనవి కాకపోవుట చూచి, రాజునొద్దకు పోయి మొరపెట్టెను. రాజు ఆమెకొరకు ఒక అధికారిని నియమించి, ఆమె వెళ్లిన దినము మొదలుకొని పొలము పంటను సహితము తిరిగి ఇప్పించెను. ఆ సంగతి రెండవ రాజులు 8లో నున్నది. వచ్చే నెల కూటమునకు దానిని చదువుకొని రావలెను.