మండప స్తంభములపై రాతి రౌతులు

శ్రీరంగ దివ్యక్షేత్రమును సేవించిన తెలుగు యాత్రికులలో శేషరాయ మండపము ముందుగా నడువనివారు అరుదు. వేయికాళ్ల మండపమునకు ఎదుట, వెల్లై గోపురమునకు చేరువగా, ముందుకాళ్లు మింటికెత్తి లేచిన గుఱ్ఱములును, వాని వీపులపై ఆయుధములెత్తిన రౌతులును గల స్తంభముల వరుస అది. సన్నిధి వేళ మించిపోవునేమో యను తొందరలో ఒక్క చూపు చూచి ముందుకు సాగుదుము. నేనును నలువది యేండ్లు అట్లే సాగినవాడను.

కొన్నేండ్ల క్రిందట ఎనిమిదేండ్ల వాడగు నా దౌహిత్రుని వెంటబెట్టుకొని పోయితిని. “తాతయ్యా, ఈ గుఱ్ఱముమీద ఉన్నది ఎవరు?” అని వాడడిగెను. “కల్కి భగవానుడు నాయనా” అంటిని. వాడు వరుస చివరిదాక నడిచిపోయి, తిరిగివచ్చి, “కల్కి ఒక్కడే కదా, మరి ఇక్కడ ఇంతమంది ఉన్నారే?” అనెను. నాకు సమాధానము తోచలేదు. వేళయైనదని చేయిపట్టి లోపలికి తీసికొనిపోయితిని. ఆ రాత్రి సత్రములో నిదుర పట్టలేదు. తెలియని దానిని తెలియదని చెప్పక, నోటికి వచ్చిన దైవనామమును తగిలించి పసివాని నోరు మూయించితినే యని బాధపడితిని. చదువుకొన్నవాడు చేయదగిన పని కాదది. ఆ లోపమును దిద్దుకొనుటకే తరువాత తెలిసికొన్న సంగతులను ఇక్కడ వ్రాయుచున్నాను. నావలెనే పిల్లలకు చెప్పినవారు మఱికొందరు ఉండవచ్చును.

కల్కిమూర్తిని గుర్తించుట కష్టము కాదు. శంబల గ్రామమున విష్ణుయశుని యింట అవతరించి, దేవదత్తమను శీఘ్రగామియగు అశ్వము నెక్కి, ఖడ్గపాణియై దుష్టులను శిక్షించునని శ్రీమద్భాగవత ద్వాదశస్కంధము తెలుపుచున్నది. శిల్పులును ఆయనను దశావతారముల వరుసలో పదియవ స్థానముననే నిలుపుదురు. ఆయన చుట్టును తక్కిన అవతారములుండును. మండపపు స్తంభములపై రౌతులకు ఆ వరుస లేదు, దివ్యలాంఛనములు లేవు. ఉన్నది యుద్ధసన్నాహము. పైకి లంఘించిన పులిని పొడుచుచున్నారు. గుఱ్ఱపు డెక్కల క్రింద కాలిబంటులు కత్తులు పట్టి నిలిచియున్నారు. వీరు అవతారమూర్తులు కారు, మనుష్యులు. అమరసింహుడు సాదులని చెప్పినవారు, మన తెలుగువారు రౌతులనువారు.

మనుష్యులైనచో దేవుని వాకిట ఇంత గొప్పగా ఎందులకు నిలిపిరి? ఇది తెలియవలెనన్న ముందు గుఱ్ఱమును గూర్చి తెలియవలెను.

పాఠశాలలో అమరము వల్లించునాడు క్షత్రియవర్గమున గుఱ్ఱముల పేర్లను గడగడ చదివితిమి. సైంధవము, పారసీకము, కాంబోజము, బాహ్లికము, వనాయుజము. గురువుగారు తప్పుపట్టకుండుటే మాకు కావలసినది, అర్థమెవరికి కావలెను? వార్ధక్యమున ఆ మాటలను మరల నెమ్మదిగా చదువుకొనగా, అవి యన్నియు దేశముల పేర్లని మనసునకు వచ్చినది. సింధుదేశము, పారసీకము, బాహ్లికము, వీనిలో ఒక్కటియు మన దక్షిణాపథము కాదు. అనగా ఉత్తమాశ్వము పరదేశమునుండి రావలసినదే యని మన కోశకారుడు ఆనాడే చెప్పియుంచినాడు.

దక్షిణదేశపు నేలయు గాలియు మేతయు మేలుజాతి గుఱ్ఱములకు పడవు. 13వ శతాబ్ది చివర పాండ్యదేశమునకు వచ్చిన మార్కోపోలో అను వెనీసు వర్తకుడు ఇక్కడివారు గుఱ్ఱములకు వండిన అన్నమును మాంసమును పెట్టుదురనియు, వానిని సాకు నేర్పు లేనందున ఏటేట అవి మరణించుచున్నవనియు వ్రాసెను. కావున రాజులు ప్రతి సంవత్సరమును క్రొత్తవానిని కొనవలసియే వచ్చెను. అరబ్బు తీరమునుండియు హోర్ముజు రేవునుండియు ఓడలలో గోవకును భట్కలునకును దింపి, అక్కడనుండి కాలినడకన విజయనగరమునకు తోలుకొని వచ్చెడివారు.

1535 ప్రాంతమున విజయనగరముననున్న ఫెర్నావో నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు, రాయలవారు ఏటికి 13,000 గుఱ్ఱములను కొనుచుండిరని వ్రాసినాడు. ఆయన చెప్పిన మఱియొక ముచ్చట నన్ను విస్మితుని చేసినది. సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను ప్రాణముతోనున్నను లేకున్నను కొనుచుండెనట! సముద్రములో చచ్చినదాని తోకను మాత్రము తెచ్చి చూపినను, బ్రతికియున్నదానికిచ్చు వెలనే యిచ్చుచుండెనట. వర్తకుడు నష్టమునకు జంకి ఓడ యెక్కుట మానకుండవలెనని ఆ ప్రభువు యోచన కాబోలు. శ్రీకృష్ణదేవరాయలు గోదాదేవి చరితమగు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుచు, రేవులను చక్కగా పాలించి గుఱ్ఱములను ఏనుగులను తెచ్చు పరదేశపు వర్తకులను ఆదరించవలెననియు, లేనిచో అవి శత్రువుల పాలగుననియు హెచ్చరించినారు. గోదాపరిణయము చెప్పు భక్తికావ్యములో గుఱ్ఱపు బేరము! చదువుకొను దినములలో ఈ భాగము నాకు అప్రస్తుతముగా తోచినది. నేడట్లు తోచదు. ఉత్తరపు తురుష్కప్రభువులను అశ్వపతులనియు, ఓఢ్రరాజులను గజపతులనియు, విజయనగరాధీశులను నరపతులనియు వాడుకగా చెప్పు కాలమది. గుఱ్ఱమే లేకున్న రాజ్యము నిలువదు, రాజ్యము నిలువకున్న ఆలయములు నిలువవు.

హంపీలో మహానవమి దిబ్బ ప్రక్కలను చూచినవారికి ఇది కన్నులకు కట్టును. కోసుటోపీలు ధరించిన గడ్డపు పరదేశీయులు గుఱ్ఱములను నడిపించుకొని వచ్చుచున్నట్లు అక్కడ చెక్కియున్నారు. హజారరామాలయపు వెలుపలి ప్రాకారపు గోడపై వరుసలు వరుసలుగా ఏనుగులు, గుఱ్ఱములు, బంటులు, నాట్యకత్తెలు సాగిపోవుచుందురు. ఆ గుఱ్ఱములు నాలుగు కాళ్లపై కుదురుగా నడుచుచున్నవి. 16వ శతాబ్దిలో గోడమీది గుఱ్ఱము స్తంభమునకు వచ్చి, రెండు కాళ్లపై లేచినది. కంచి వరదరాజస్వామి కోవెలలో కోనేటి ప్రక్కనున్న కల్యాణమండపమునను, శ్రీరంగమునను మనము చూచునవి ఇట్టివే. కంచిలో మూలల వ్రేలాడు రాతిగొలుసును అందరును వ్రేలితో చూపి మెచ్చుకొందురు. గొలుసు గొప్పదే, కాదనను. కాని దాని క్రిందనే యున్న రౌతులను చూచువారు తక్కువ.

ఈసారి పోయినప్పుడు ఒక స్తంభము ప్రక్కగా నిలిచి చూడుడు. గుఱ్ఱము స్తంభమునకు అతికించినది కాదు. స్తంభముతో కూడ ఒకే నల్లరాయి. ముందునకు పొడుచుకొని వచ్చిన అంత బరువైన రొమ్మును గాలిలో నిలుపుట సాధ్యము కాదు గదా! అందుచే శిల్పి దాని కడుపు క్రింద పులిని, బంటును చెక్కి, వారి తలలమీదుగా భారమును నేలకు దింపినాడు. చూపరులకది వేట, శిల్పికది ఆధారము. గుఱ్ఱపు గతులకు మన శాస్త్రమున ధౌరితకము, వల్గితము, ప్లుతము మొదలుగా అయిదు ధారలు చెప్పబడినవి. శిల్పి కోరినది పరుగు కాదు, పరుగునకు ముందు లేచు ఆ ఒక్క క్షణము. మెడపై వాగెలు, నోటి కళ్లెము, రొమ్మున గజ్జెల పట్టెడ, జీను అంచు, వీనిని వేనిని వదలక చెక్కినాడంటే దగ్గఱగా నిలిచి చూచినవాడే యనవలెను.

రాజు వెలపోసి కొన్న వస్తువులలో మిక్కిలి అరుదైనది, ఏటేట చచ్చిపోవునది గుఱ్ఱము. దానిని చావులేని రాతిలో నిలిపి స్వామి వాకిట అర్పించిరని నా అభిప్రాయము. స్వామి ఉత్సవమునకు వేంచేయు త్రోవలో ఈ రౌతులు ఆయన పరివారమువలె నిలిచియుందురు. ఆ రాతిగుఱ్ఱములకు ఎదురుగా సాక్షాత్తు ఆయనయు గుఱ్ఱమెక్కి వేంచేయును. తిరుమలలో బ్రహ్మోత్సవముల ఎనిమిదవ నాడు ఉదయము రథోత్సవము, రాత్రి అశ్వవాహనము. ఆనాడు మలయప్పస్వామి కల్కి యలంకారమున దర్శనమిచ్చును. నా దౌహిత్రునికి నేను చెప్పిన మాట అక్కడైనచో సరిపోయెడిది.

శ్రీరంగమునకే చెల్లిన అశ్వవృత్తాంతము మఱియొకటి కలదు. తిరుమంగై యాళ్వారు పూర్వాశ్రమమున రౌతు. ఆయన గుఱ్ఱమునకు ఆడల్మా యని పేరు. శ్రీవైష్ణవుల తదీయారాధనకై ఉన్నదంతయు వెచ్చించి, చాలక దారిదోపిడికి దిగినవాడు. నూతన వరునివలె శ్రీదేవితో వచ్చుచున్న స్వామినే అడ్డగించి, నగలన్నియు దోచి, చేతితో రాని మెట్టెను పంటితో లాగెను. మూటకట్టిన సొమ్ము మాత్రము ఎత్తనలవికాలేదు. ఏమి మంత్రము వేసితివని గద్దించగా స్వామి అష్టాక్షరినే చెవిలో ఉపదేశించెను. వైకుంఠ ఏకాదశి తరువాత రాపత్తు ఎనిమిదవ నాడు వేడుపరి యను పేర ఈ లీలను నేటికిని జరుపుచున్నారు. ఆనాడు నంపెరుమాళ్లు బంగారు గుఱ్ఱముపై వేంచేయును. దొంగయు రౌతే, దొరయు రౌతే!

స్వామికి గుఱ్ఱము ఎక్కుట మాత్రమే కాదు, సాకుటయు తెలియును. ద్రోణపర్వమున సైంధవవధనాడు, ప్రొద్దు వాలుచుండగా, గాయపడి దప్పిగొన్న హయములను కృష్ణుడు యుద్ధమధ్యముననే విప్పెను. అర్జునుడు బాణముతో నీటిని సృష్టించగా, పార్థసారథి వాని యొంటినుండి ములుకులను తీసి, నిమిరి, నీరు త్రాపి మరల పూన్చెను. జగన్నాథుడు గుఱ్ఱములకు మాలీసు చేసిన ఘట్టమది. ఇంద్రియములను గుఱ్ఱములుగా, మనస్సును పగ్గముగా కఠోపనిషత్తు చెప్పిన ఉపమానమును మనమెల్లరము విన్నదే. నాకు మాత్రము ఆ ములుకులు తీయు చేతులే మొదట జ్ఞప్తికి వచ్చును.

ఒక మనవి చేయవలసియున్నది. ఈ రౌతులను దేవతలని తలచి కొందరు డెక్కలకు కుంకుమయు నూనెయు పూయుదురు. దేవతలు కారని తెలిసిన మఱికొందరు సామానుల సంచులను కత్తుల కొనలకు తగిలింతురు. మొదటివారిలో నేనును ఒకడనైతిని గనుక వారిని నిందించను. వ్రేలంత లావుగా నిలిచిన కత్తి, ఒక్క కుదుపునకు విరుగును. విరిగినదానిని అతికించువారు నేడెక్కడ? హంపీ విఠ్ఠలాలయము ముందరి గరుడరథమునకు పూర్వము గుఱ్ఱములే పూన్చియుండెడివి. నేడక్కడ ఏనుగులున్నవి. ఏనుగుల వెనుకకు పోయి వంగి చూచిన, ఆ పూర్వాశ్వముల వెనుకకాళ్లును తోకలును మాత్రము మిగిలి కనబడును. సాళువ నరసింహరాయలు తోకలకు వెల కట్టిన కథ నాకు అక్కడనే గుర్తునకు వచ్చినది.

ఆ బాలుడిప్పుడు కళాశాలలో చదువుచున్నాడు. ఈ సంగతులన్నియు వ్రాసి, ఆనాడు నేను తప్పు చెప్పితిననియు, వాని ప్రశ్నయే సరియైనదనియు మొన్న జాబు వ్రాసితిని. వచ్చు ధనుర్మాసమున కలిసి పోవుదమనియు, ఈసారి సన్నిధి వేళకు ఒక గంట ముందుగా చేరుదమనియు వాడు బదులు వ్రాసినాడు.