విదేశం వెళ్తున్నారా? టీడీఎస్ డబ్బు వదిలేసి వెళ్లకండి

ఆర్థిక సంవత్సరం మధ్యలో ఉద్యోగం మానేసి అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లేవారికి జీతంలో పన్ను తరచూ ఎక్కువే కట్ అయి ఉంటుంది. మార్చి దాకా పనిచేస్తారనుకుని కంపెనీ ఏప్రిల్ నుంచే టీడీఎస్ పట్టుకుంటుంది మరి. రిటర్న్ వేసేది వచ్చే ఏప్రిల్ తర్వాతే అయినా, దానికి కావలసినవన్నీ ఇక్కడ ఉండగానే సర్దుకోవాలి.

1. ఎంత రావాలో ముందే లెక్కేసుకోండి. 2025–26 కొత్త విధానం రేట్లతో చూద్దాం. నెల జీతం లక్షన్నర. ఏడాదికి 18 లక్షలనుకుని, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి, సెస్సుతో కలిపి 1,50,800 రూపాయల పన్ను వేస్తారు. అంటే నెలకు 12,567. ఆగస్టు 31న మానేస్తే అప్పటికి దాదాపు 62,800 కట్ అవుతుంది. వచ్చిన జీతం ఏడున్నర లక్షలే కాబట్టి, వేరే ఆదాయం లేని ఎన్నారైకి అసలు పన్ను 14,300. మిగతా 48,500 మీ డబ్బే.

2. ఫైనల్ సెటిల్‌మెంట్ అప్పుడే అడగండి. దేశం వదిలి వెళ్తున్నామని, ఈ ఏడాది ఇక్కడ ఇంకో జీతం ఉండదని పేరోల్ వాళ్లకు రాసివ్వండి. చివరి చెల్లింపులో టీడీఎస్ తగ్గించి సర్దితే రీఫండ్ కోసం ఎదురుచూసే మొత్తం తగ్గుతుంది.

3. రోజులు లెక్కపెట్టండి. ఉద్యోగానికి వెళ్లే భారత పౌరులు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులకంటే తక్కువ ఉంటే ఎన్నారైలే. సెప్టెంబరు నెలాఖరు ప్రయాణాలకు ఈ లెక్క కీలకం. 12 లక్షల దాకా పన్ను లేకుండా చేసే రిబేటు రెసిడెంట్లకే. పై లెక్కలో 14,300 పన్ను పడింది అందుకే. అలాగని ప్రయాణం అక్టోబరుకు జరపకండి. రెసిడెంట్ అయితే అక్కడి జీతం కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపాల్సి రావచ్చు. పాస్‌పోర్టులో స్టాంపు పడిన పేజీలు స్కాన్ చేసుకోండి.

4. పాన్, ఆధార్ సరిచూసుకోండి. రెండూ లింక్ అయ్యాయా, ఇంటిపేరుతో సహా అక్షరాలు కలుస్తున్నాయా చూడండి. లింకు లేక పాన్ పనిచేయకుండా పోతే రీఫండ్ ఆగిపోతుంది.

5. బ్యాంకు ఖాతా మూసేయకండి. సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్పించండి. ఆ తర్వాత ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మళ్లీ వాలిడేట్ చేసి, రీఫండ్ దానికే రావాలని ఎంచుకోండి.

6. సిమ్ బతికించుకోండి. ఆధార్‌కు ఇచ్చిన నంబరుకే ఓటీపీ వస్తుంది. రోమింగ్ ఆన్ చేయించి, వ్యాలిడిటీ అయిపోకుండా రీచార్జ్ చేసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి.

7. కాగితాలు దించుకోండి. ఆఫీసు లాగిన్ ఆగిపోయేలోపు పేస్లిప్పులన్నీ డౌన్‌లోడ్ చేయండి. ఫారం 16 పంపేందుకు సొంత మెయిల్ ఐడీ ఇవ్వండి. పాత విధానంలో ఉన్నవారు అద్దె రసీదులు, ఎల్ఐసీ ప్రీమియం రసీదులు దాచుకోండి. ఆఫీసుకు ఇవ్వకపోయినా రిటర్న్‌లో చూపవచ్చు.

8. పీఎఫ్ తొందరపడి తీయకండి. పాత కంపెనీల నుంచి బదిలీ చేసుకున్న సర్వీసుతో కలిపి అయిదేళ్లు నిండకపోతే, తీసిన సొమ్ముపై సాధారణంగా పన్ను పడుతుంది. మీ రీఫండ్ లెక్కే తారుమారవుతుంది.

9. సరైన ఫారంలో, గడువులోగా వేయండి. ఎన్నారైలకు ఐటీఆర్-1 పనికిరాదు. జీతం, వడ్డీ ఉన్నవారు ఐటీఆర్-2 వేయాలి. ముందుగా ఫారం 16లోని టీడీఎస్, మీ పాన్‌పై జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లోని అంకె ఒకటేనా చూడండి. మామూలు గడువు జులై 31. ఆలస్యమైతే రుసుముతో డిసెంబరు 31 దాకా వేయవచ్చు. ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌తో రీఫండ్ అడగడానికి వీల్లేదు.

10. వెరిఫై చేయడం మరవకండి. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో ఈ-వెరిఫై చేయాలి. లేదంటే సంతకం చేసిన ఐటీఆర్-వి ఆ గడువులోనే బెంగళూరు సీపీసీకి చేరాలి. ‘మీ రీఫండ్ సిద్ధం, ఇక్కడ నొక్కండి’ అంటూ వచ్చే ఎస్సెమ్మెస్‌లను నమ్మకండి. పరిస్థితి ఏమిటో పోర్టల్‌లో లాగిన్ అయి మీరే చూసుకోండి.