తుప్పు పట్టని స్టీలు ఎందుకు విరిగింది?

పోయినేడు వార్షికోత్సవానికి వచ్చిన ఒక సీనియర్ అన్న మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. ఆయన ఐటీఐ చదివి, షెడ్లకు అల్యూమినియం రేకులు బిగించే పనిలో ఉన్నాడు. ఒకచోట, తుప్పు పట్టవని చెప్పి ఇచ్చిన స్టీలు స్క్రూలతో రేకులు బిగించాడు. నాలుగు వానలు పడ్డాక చాలా స్క్రూల తలలు వాటంతట అవే ఊడి రాలాయి. "నువ్వే ఎక్కువ బిగించావు" అని మేస్త్రీ కూలీ కోసుకున్నాడట. "పెద్ద చదువులు చదువుతున్నారు కదా తమ్ముళ్లూ, బిగించిన రోజు బాగున్న స్క్రూ నెల తర్వాత ఎందుకు విరిగింది?" అన్నాడు. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. పీజీలో లోహశాస్త్రం చదివాక దొరికిన జవాబును మీతో పంచుకుంటున్నాం.

హైడ్రోజన్ లోపలికి ఎలా వెళ్తుంది?

ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిపితే స్టెయిన్‌లెస్ స్టీలు అవుతుంది. పైన ఏర్పడే పల్చని క్రోమియం ఆక్సైడ్ పొర దానిని తుప్పు నుంచి కాపాడుతుంది. కానీ చాలా చిన్నదైన హైడ్రోజన్ పరమాణువును ఆ పొర పూర్తిగా ఆపలేదు.

లోహాన్ని ఆమ్లంలో ముంచినప్పుడు, విద్యుత్తుతో పూత వేసినప్పుడు, తడి ఎలక్ట్రోడుతో వెల్డింగ్ చేసినప్పుడు విడి హైడ్రోజన్ పరమాణువులు పుట్టి లోహంలోకి దూరుతాయి. ఇంటర్‌లో చదివిన గాల్వానిక్ ఘటం గుర్తుందా? అల్యూమినియం రేకు, స్టీలు స్క్రూ, మధ్య వాన నీరు కలిస్తే అలాంటి ఘటమే. అల్యూమినియం ఆనోడ్ అయి కరుగుతుంది. స్టీలు కాథోడ్ అవుతుంది. అందుకే స్క్రూకు తుప్పు పట్టదు, కానీ దాని మీద కొంత హైడ్రోజన్ పుడుతుంది.

1875లో ఇంగ్లండులో డబ్ల్యూ.హెచ్. జాన్సన్ దీనిని మొదటిసారి వివరించాడు. ఆమ్లంలో కొద్ది నిమిషాలు ఉంచిన ఇనుప తీగ పెళుసుగా విరిగింది. విరిగిన చోటును తడిపితే బుడగలు వచ్చాయి. కొన్నాళ్లు వదిలేస్తే తీగ మళ్లీ మామూలుగా వంగింది.

బలం ఏమవుతుంది?

లోపలికి చేరిన హైడ్రోజన్ ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోటికి, అంటే మర మలుపుల దగ్గరికి, సన్నని పగులు కొనకు చేరుతుంది. అక్కడ పరమాణువుల మధ్య పట్టు సడలుతుంది. అలా చేరడానికి సమయం పడుతుంది కాబట్టే లోహం వెంటనే కాక గంటలు, రోజులు గడిచాక విరుగుతుంది. అదీ అది మోయగలిగిన బరువు కంటే తక్కువ బరువుకే.

మా ల్యాబులో గట్టిపరచిన 420 రకం స్టీలు పట్టీలు రెండు తీసుకున్నాం. ఒకదానికి పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో హైడ్రోజన్ ఎక్కించి, రెండింటినీ మెల్లగా లాగాం. మామూలు పట్టీ కాస్త సాగి, నడుము సన్నబడి తెగింది. హైడ్రోజన్ ఎక్కినది సాగకుండానే టప్పున విరిగింది. విరగకముందు రెండూ ఒకేలా మెరుస్తున్నాయి!

అన్ని స్టీళ్లూ ఒకటి కావు

18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం ఆస్టెనైటిక్ స్టీలు. ఇందులో హైడ్రోజన్ చాలా నెమ్మదిగా కదులుతుంది, కాబట్టి ప్రమాదం తక్కువ. అయితే బాగా వంచినా, లాగినా ఇందులో కొంత భాగం మార్టెన్‌సైట్‌గా మారి పెళుసుదనానికి దారి ఇస్తుంది. నికెల్ ఎక్కువగా ఉన్న 316 రకం ఇంకా నయం. 410, 420 రకాలు వేడిచేసి గట్టిపరచిన మార్టెన్‌సైటిక్ స్టీళ్లు. రేకును తొలుచుకుంటూ దిగే స్క్రూలకు ఆ గట్టిదనం కావాలి. కానీ గట్టిదనం పెరిగిన కొద్దీ హైడ్రోజన్ ముప్పూ పెరుగుతుంది.

ఇది చిన్న పనులకే పరిమితం కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో-ఓక్లండ్ వంతెన కోసం 2008లో తయారైన, జింకు పూత వేసిన గట్టి ఉక్కు కడ్డీలు 96 ఉన్నాయి. 2013 మార్చిలో వాటిని బిగించిన రెండు వారాల్లోపే 32 విరిగాయి. కారణం హైడ్రోజన్ పెళుసుదనమేనని తేలింది.

జాగ్రత్తలు

1. పూత వేసిన గట్టి బోల్టులను వెంటనే 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు వేడిచేస్తే హైడ్రోజన్ చాలావరకు బయటికి పోతుంది.
2. వెల్డింగ్ ఎలక్ట్రోడులను పొడిగా ఉంచాలి.
3. అల్యూమినియం రేకులకు 410 స్క్రూలు వాడకూడదు. 304 రకం మేలు.
4. స్క్రూ తలకు అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే అది 304 కాకపోవచ్చు.

2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఇలాంటి చోట్ల పైపులు, ట్యాంకులు బిగించే చేతుల్లో మన హాస్టల్ చేతులూ ఉండవచ్చు. ఈ పాఠం వారికి అవసరం.

ఈమధ్య అన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాం. ఆ స్క్రూలను ఎవరూ పరీక్షించలేదు కాబట్టి కారణం ఇదేనని రుజువు చేయలేం. కానీ తలలు బిగించేటప్పుడు కాక, వానల తర్వాత రాలాయి. ఆ సంగతి అన్న పక్షానే ఉంది. "అయితే తప్పు నా చేతిది కాకపోవచ్చన్నమాట" అన్నాడు అన్న.

మా ఇంట్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. చదువు ఎందుకని అడిగితే ఇకమీదట ఈ సంగతే చెబుతాం. తమ్ముళ్లూ, విద్యుత్ రసాయన శాస్త్రం పాఠాన్ని మార్కుల కోసమే చదవకండి. రేపు ఏ అన్న అయినా ప్రశ్న అడిగితే జవాబు మీ దగ్గర ఉండాలి.